వెంట్రుక పీకితే పిల్లి కన్ను బాగుపడదు

పిల్లి ఒక కన్ను సగం మూసుకుని తిరుగుతుంటుంది. కంటికొస నుంచి నీరు కారి ముక్కు పక్కన గోధుమరంగు చార కడుతుంది. వెలుతురులో పరీక్షగా చూస్తే రెప్ప అంచు వెంట్రుకలు తడిసి ముద్దై కనుగుడ్డుకు అంటుకుని ఉంటాయి. అప్పుడు పెంచుకునేవాళ్లకు ఎవరికైనా తట్టే ఆలోచన ఒకటే: గుచ్చుకుంటున్న వెంట్రుకను తీసేస్తే బాధ పోతుందని. ఆలోచన సహజమైనదే గాని పిల్లుల విషయంలో చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. పిల్లి కంటిని రాస్తున్న వెంట్రుక దాదాపు ఎప్పుడూ మామూలు బొచ్చే, మొలవవలసిన చోటనే మొలిచినదే. చోటు తప్పింది దాన్ని మోస్తున్న చర్మం. ఆ చర్మం ఎందుకు చోటు తప్పిందో తేల్చకుండా చేసే వైద్యం ఏదైనా కొద్ది వారాల ఊరటతో ముగుస్తుంది. కారణాల్లో కొన్ని రోగాలు, కొన్ని పుట్టుకతో వచ్చిన లోపాలు, కొన్ని వయసు తెచ్చే మార్పులు. ఒకటి మాత్రం మనుషుల అభిరుచి తెచ్చిపెట్టింది. పూర్తిగా మన చేతిలో ఉన్నది కూడా అదే.

ముందుగా పిల్లి రెప్ప నిర్మాణం తెలుసుకోవాలి. మనకు పై రెప్పకూ కింది రెప్పకూ వెంట్రుకలు వరస కట్టి ఉంటాయి. కుక్కకు పై రెప్పకే ఉంటాయి. పిల్లికి ఆ అర్థంలో రెప్పవెంట్రుకలే లేవు. దాని పై రెప్ప అంచుకు కాస్త ఎడంగా మొదలయ్యే బొచ్చులో మొదటి వరస వెంట్రుకలే ఆ పని చేస్తాయి. కంటిపైన నాలుగైదు పొడవాటి మీసాలు కూడా ఉంటాయి గాని అవి స్పర్శ తెలుసుకోవడానికి. రెప్ప అంచు మాత్రం నున్నగా, వెంట్రుక లేకుండా ఉంటుంది. కన్నీటి మీద పలచని నూనె పొరను పరిచే గ్రంథుల నోళ్లు ఆ అంచు వెంబడే తెరుచుకుంటాయి. నిండుగా, పెద్దగా ఉండే కనుగుడ్డుకు రెప్ప బిగువుగా ఆనుకుని ఉంటుంది కాబట్టి ప్రతి రెప్పపాటుకూ ఆ నున్నటి అంచే కార్నియాను తుడుస్తుంది. కార్నియా అంటే కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన పొర. నేత్రదానంలో ఇచ్చేది దీన్నే. పిల్లిలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. రక్తనాళాలు లేని ఈ పొర నిండా నరాలు అల్లుకుని ఉంటాయి. చిన్న నలుసు పడినా కన్ను మండిపోయేది అందుకే. రెప్ప కొద్దిగా లోపలికి తిరిగినా నున్నటి అంచు ఉండవలసిన చోటికి బొచ్చు వస్తుంది. ఇక రెప్ప పడిన ప్రతిసారీ ఆ వెంట్రుకలు కార్నియాను గీరుతూనే ఉంటాయి.

వెంట్రుకల వల్ల వచ్చే కంటి జబ్బులను పశువైద్యులు మూడు రకాలుగా విడదీస్తారు. నూనె గ్రంథుల నోళ్లలోంచి, అంటే వెంట్రుకే ఉండకూడని అంచు మీద, అదనంగా ఒక వరస మొలవడం మొదటి రకం. దాన్ని డిస్టికియాసిస్ అంటారు. రెప్ప లోపలి పొరను చీల్చుకుని నేరుగా కంటివైపు వెంట్రుక మొలవడం రెండోది. అది ఎక్టోపిక్ సీలియా. మామూలు చోట మొలిచిన వెంట్రుకే దిశ తప్పి కంటిని తాకడం మూడోది; దీని పేరు ట్రైకియాసిస్. మొదటి రెండింటిలో తప్పు నిజంగా వెంట్రుకదే. కాకర్ స్పానియల్, బుల్‌డాగ్ వంటి కుక్కల్లో డిస్టికియాసిస్ తరచుగా కనిపిస్తుంది. పిల్లుల్లో ఈ రెండూ ఎంత అరుదంటే వైద్యపత్రికల్లో అవి విడివిడి కేసులుగానే నమోదవుతుంటాయి. అసలు రెప్పవెంట్రుకలే లేని జంతువులో అవి దారితప్పడం అరుదు కావడంలో వింత లేదు. ఇక మిగిలింది మూడో రకం. పిల్లి కంట్లో వెంట్రుక అన్నప్పుడు డాక్టరు ముందుగా అనుమానించేది దీన్నే. ట్రైకియాసిస్ అన్న పేరు చెప్పినంత మాత్రాన రోగనిర్ణయం పూర్తికాదు. వెంట్రుక కంటిని తాకుతోందని మాత్రమే ఆ పేరు చెబుతుంది, ఎందుకు తాకుతోందో చెప్పదు.

మనుషుల వైద్యం కూడా ఈ సంగతి ఏనాడో గ్రహించింది. ట్రకోమా అనే అంటువ్యాధిలో రెప్ప లోపలివైపు పదేపదే వాపు వచ్చి, మానిన మచ్చలు ముడుచుకుపోయి, రెప్పను లోపలికి లాగేస్తాయి. వెంట్రుకలు కార్నియాను రాసి రాసి పువ్వు వేసి చివరికి చూపు పోతుంది. ఒకప్పుడు మన దేశంలో అంధత్వానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. ప్రజారోగ్య సమస్యగా భారత్ దీన్ని నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. ఆ విజయం వెంట్రుకలు పీకడం వల్ల రాలేదు. ముదిరినవాళ్లకు రెప్పను బయటికి తిప్పే శస్త్రచికిత్స చేశారు, అసలు రెప్ప ముడుచుకోకుండా ఇన్‌ఫెక్షన్‌కు మందులిచ్చారు, ముఖం శుభ్రంగా ఉంచుకోవడం అలవాటు చేశారు, నీటి వసతి పెంచారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం పక్ష్మకోపం పేరుతో ఈ బాధను వర్ణించింది. రెప్ప మీది చర్మంలోంచి యవగింజ ఆకారంలో ఒక ముక్క కోసి తీసి, అంచులు కలిపి కుట్టమంది. ఈనాడు పిల్లికీ కుక్కకూ రెప్ప మడత సరిచేయడానికి ఎక్కువగా చేసే హాట్జ్-సెల్సస్ శస్త్రచికిత్సలో సూత్రం కూడా అదే. నెలవంకలా సన్నని చర్మపు ముక్కను తీసేసి కుడితే లోపలికి తిరిగిన అంచు బయటికి వస్తుంది. వెంట్రుక ఒక్కటి కూడా పీకరు.

పిల్లుల్లో రెప్ప లోపలికి తిరగడానికి కారణం కనిపెట్టడంలో ఒక చిన్న పరీక్ష ఎంతో చెబుతుంది. డాక్టరు కంట్లో ప్రొపరకైన్ వంటి మత్తుచుక్క వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగుతాడు. నొప్పి తెలియకుండా పోగానే కొన్ని పిల్లుల్లో మడతపడ్డ రెప్ప దానంతటదే విప్పుకుని యథాస్థానానికి వస్తుంది. కొన్నింటిలో ఎంత మత్తిచ్చినా అలాగే ఉంటుంది. మొదటి రకంలో రెప్ప నిర్మాణం సరిగానే ఉంది. కంట్లో ఇంకేదో బాధ వల్ల పిల్లి గట్టిగా కన్ను మూసుకోవడంతో కండరం బిగిసి రెప్ప లోపలికి చుట్టుకుంది. అలా చుట్టుకున్నాక వెంట్రుకలు గుచ్చుకుని బాధ పెరుగుతుంది, బాధ పెరిగే కొద్దీ రెప్ప మరింత బిగుస్తుంది. ఈ చక్రాన్ని మొదలుపెట్టేది చిన్న వయసు పిల్లుల్లో చాలాసార్లు హెర్పిస్ వైరస్. తుమ్ములు, జలుబు, కండ్లకలకతో పిల్లిపిల్లలకు సోకే ఈ వైరస్ జబ్బు తగ్గాక కూడా నరాల్లో దాక్కుంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, మరో జబ్బు చేసినా మళ్లీ లేచి కార్నియా మీద పుండు చేస్తుంది. ఇలాంటి పిల్లికి వెంట్రుకలు పీకినా, చివరికి రెప్ప కోసి కుట్టినా, పుండు అలాగే ఉంటే ఉపయోగం తక్కువ. పుండు మానితే రెప్ప తనంత తానే సర్దుకునే అవకాశం ఉంది. ఒక్క మత్తుచుక్కతో వైద్యం దిశే మారిపోతుంది. అయితే ఆ చుక్క పరీక్షకు మాత్రమే. నొప్పి తగ్గుతోంది కదా అని ఇంట్లో రోజూ వేస్తే కార్నియా పైపొర దెబ్బతిని పుండు మానదు.

మత్తుచుక్కకు లొంగని రెప్పల వెనక వేరే కథలున్నాయి. కొన్ని పిల్లిపిల్లలకు పై రెప్పలో చెవివైపు భాగం పుట్టుకతోనే ఏర్పడదు. సాధారణంగా రెండు కళ్లకూ ఇలాగే ఉంటుంది. అంచే లేనిచోట ముఖచర్మం మీది బొచ్చు నేరుగా కార్నియా మీద వాలుతుంది, పైగా కన్ను పూర్తిగా మూతపడదు. వీధిలో పుట్టే మామూలు పొట్టిబొచ్చు పిల్లుల్లోనూ ఇది కనిపిస్తుంది. జంతుప్రదర్శనశాలల్లోని మంచు చిరుతల్లో కూడా నమోదైంది. ఇంకోవైపు ముసలి పిల్లులు. మూత్రపిండాల జబ్బుతోనో మరో దీర్ఘరోగంతోనో చిక్కిపోయిన పిల్లికి కనుగుడ్డు వెనక ఉండే కొవ్వు కరుగుతుంది. కన్ను గూటిలోకి దిగబడుతుంది, ఆసరా పోయిన రెప్ప లోపలికి మడతపడుతుంది. అలాంటి పిల్లికి రెప్ప సరిచేయడం ఎంత అవసరమో అది ఎందుకు చిక్కిపోతోందో చూడటమూ అంతే అవసరం. డేవిడ్ విలియమ్స్, జి యూన్ కిమ్ అనే పరిశోధకులు రెప్ప మడతపడిన 50 పిల్లుల వివరాలను 2009లో ప్రచురించారు. వాటిలో కూడా ఇలాంటి రెండు గుంపులే తేలాయి: కంటి ఉపరితలం మీది బాధతో కన్ను బిగించిన పిన్న వయసు పిల్లులు, రెప్ప సడలి కన్ను లోపలికి పోయిన పెద్ద వయసు పిల్లులు. కంటికి కనిపించే లక్షణం ఒకటే అయినా రెండింటి దారులు వేరు.

వీటిలో ఏదీ మనం కోరి తెచ్చుకున్నది కాదు. పర్షియన్ పిల్లి సంగతి వేరు. పొడవు బొచ్చు పిల్లులను 1620 ప్రాంతంలో పర్షియాలోని ఖొరాసాన్ నుంచి ఇటలీకి తెచ్చినవాడిగా యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లేకు పేరు. 1871లో హారిసన్ వెయిర్ లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల పెద్ద ప్రదర్శన నిర్వహించినప్పటి పర్షియన్లకు ముక్కు ముక్కులాగే ఉండేది. తరవాత ఇరవయ్యో శతాబ్దమంతా ప్రదర్శనల కోసం గుండ్రని తల, చప్పిడి ముక్కు ఉన్నవాటినే ఎంచి ఎంచి జత కలిపారు. అమెరికాలోని క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం నుదుటి కింద ముక్కు మొదలయ్యే నొక్కు రెండు కళ్ల మధ్యలో ఉండాలి. బ్రిటన్‌లోని గవర్నింగ్ కౌన్సిల్ ఆఫ్ ది క్యాట్ ఫ్యాన్సీ మాత్రం ముక్కు పై అంచు కింది రెప్ప కంటే పైకి పోకూడదని హద్దు పెట్టింది. ఒకే జాతికి రెండు దేశాలు రెండు రకాల ముఖాలు కోరడమే ముఖం ప్రకృతి ఇచ్చినది కాదని, మనుషులు రాసుకున్న నిబంధన అని రుజువు చేస్తుంది. మన దగ్గర ఈ ముఖాలకు వ్యాపారంలో పేర్లున్నాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలో పిల్లిని కొనబోయేవారికి డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్, ఎక్స్‌ట్రీమ్ పంచ్ అని వరసగా చెబుతారు. ముక్కు ఎంత లోపలికి పోతే ధర అంత పైకి పోతుంది.

ముక్కు లోపలికి పోయినప్పుడు మిగతా ముఖం దాంతో పాటు సర్దుకోదు. పుర్రె కుదించుకుపోయినా చర్మం అంతే ఉంటుంది. మిగిలిన చర్మం ముక్కు పక్కన మడతలు పడి ఆ మడత మీది బొచ్చు కంటికొస మీదికి వస్తుంది. కింది రెప్పలో ముక్కువైపు భాగం లోపలికి తిరుగుతుంది. కంటిగూడు లోతు తగ్గడంతో కనుగుడ్డు బయటికి పొడుచుకొచ్చి, నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా కలవని పిల్లులుంటాయి. కన్నీటిని ముక్కులోకి చేర్చే గొట్టం దారి కూడా మారిపోతుంది. జర్మనీలో క్లాడియా ష్లూటర్ బృందం 2009లో సీటీ స్కాన్లతో పరిశీలించినప్పుడు, ముఖం చదునయ్యేకొద్దీ పైదవడ కోరపన్ను తిరిగిపోయి ఉండటమూ, కన్నీటి గొట్టం దాని కిందుగా వంపు తిరిగి పోవడమూ కనిపించాయి. అంటే కన్నీరు ఊరడానికి కారణం ఒకటి, బయటికి కారడానికి కారణం మరొకటి. రెండూ ముఖంలోనే ఉన్నాయి. బ్రిటన్‌లో 3,235 పర్షియన్ పిల్లుల వైద్య రికార్డులను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఎక్కువగా నమోదైన నాలుగు సమస్యల్లో కంటి నుంచి స్రావం ఒకటి. 5.8 శాతం పిల్లుల రికార్డుల్లో అది ఉంది. డాక్టరు రాసుకుంటే తప్ప ఆ లెక్కలోకి రాదన్నది గుర్తుంచుకోవాలి. కళ్లు కారడం మామూలే అనుకుని డాక్టరుకు చూపించని పిల్లులు ఆ 5.8 శాతంలో లేవు.

పర్షియన్లకు కళ్లు కారడం జాతి లక్షణం, రోజూ తుడిస్తే చాలు అన్నది పెంపకందారులు తరచుగా చెప్పే మాట. పిల్లి తింటోంది, ఆడుతోంది, బాధే ఉంటే తెలియదా అని కూడా అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు కార్నియా స్పర్శను కొలిచిన పరిశోధనలో దొరుకుతుంది. సన్నని నైలాన్ పోగుతో కార్నియాను తాకి ఎంత ఒత్తిడికి రెప్ప పడుతుందో చూసే పద్ధతి ఒకటుంది. దానితో 2001లో చప్పిడి ముఖం పిల్లులనూ మామూలు పొట్టిబొచ్చు పిల్లులనూ పోల్చి చూశారు. చప్పిడి ముఖం పిల్లుల కార్నియాకు స్పర్శ తక్కువని తేలింది. గుచ్చుకుంటున్న సంగతి కంటికి సరిగా తెలియకపోతే పిల్లి కన్ను మూసుకోదు, గోకదు, మియావ్ అనదు. గీరుడు మాత్రం ఆగకుండా సాగుతుంది. బాధ కనిపించకపోవడాన్ని ఆరోగ్యానికి రుజువుగా తీసుకోవడం అందుకే ప్రమాదకరం. ఒక లక్షణం జాతిలో ఎక్కువ పిల్లులకు ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యకరం కాబోదు. ట్రకోమా విస్తరించిన ఊళ్లలో కూడా ఒకప్పుడు పుసికళ్లు చాలామందికి ఉండేవి.

ఈ వాదనకు ఎదురుగా నిలిచే గట్టి ప్రశ్న ఇంకొకటి ఉంది. వీధిపిల్లులకు కూడా కళ్ల జబ్బులు వస్తున్నాయి కదా, పర్షియన్లనే తప్పుపట్టడమెందుకు? నిజమే. హెర్పిస్ వైరస్ జాతి చూసి రాదు. రెప్ప లేకుండా పుట్టడం మామూలు పిల్లుల్లోనూ ఉంది. మెయిన్ కూన్ పిల్లులకు ముఖం పొడుగ్గానే ఉన్నా రెప్ప మడతపడే అవకాశం ఎక్కువ. కళ్ల బాధ అన్నిటికీ చప్పిడి ముఖమే మూలమనడం అతిశయోక్తి. కానీ రెండిటికీ తేడా ఉంది. వీధిపిల్లికి వచ్చే జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే చికిత్స ఉంది, జబ్బు తీవ్రతను తగ్గించే టీకా ఉంది. పంచ్ ఫేస్ పిల్లికి కంటికొస బొచ్చు, పూర్తిగా మూతపడని రెప్ప, వంపు తిరిగిన కన్నీటి గొట్టం పుట్టుకతో వచ్చే అవకాశం పెరిగేలా ముందే ఎంపిక జరిగిపోయింది. మామూలు పిల్లికి దురదృష్టం వల్ల వచ్చేది ఈ పిల్లికి డబ్బిచ్చి కొనుక్కున్నట్టు వస్తోంది. అదే హెర్పిస్ వైరస్ సోకినప్పుడు కూడా పొడుచుకొచ్చిన, స్పర్శ తగ్గిన కంటికి కోలుకునే అవకాశం తక్కువ.

ఇక ఇంటి వైద్యం సంగతి. గోడ వీధిలోకి ఒరిగితే దాని మీద మొలిచిన గడ్డి పీకి ఊరుకోం. ఒరిగిన రెప్ప మీది వెంట్రుకలు పీకడం అలాంటి పనే. పీకిన వెంట్రుక నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ వస్తుంది. కొత్తగా వచ్చే కొస పొట్టిగా, బిరుసుగా ఉండి మునుపటి మెత్తని పొడవు వెంట్రుక కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. కత్తెరతో కురచ చేస్తే మిగిలే మొదళ్లదీ అదే తంతు; పైగా కదిలే పిల్లి కంటి దగ్గర కత్తెర ఆడించడం ప్రమాదం. ముక్కు పక్కన మడత మీది పొడవు బొచ్చును క్లినిక్‌లో జాగ్రత్తగా కురచ చేయిస్తే శస్త్రచికిత్స దాకా కొన్నాళ్లు నెట్టుకురావచ్చు గాని అది తాత్కాలికమని తెలిసి చేయాలి. పన్నీరు, ఆముదం, చనుబాలు, తేనె వంటివి కంట్లో వేసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. అవి ఏ రెప్పనూ తిప్పలేవు, పుండున్న కంట్లోకి క్రిములను మాత్రం చేర్చగలవు. కాచి చల్లార్చిన నీటిలోనో సెలైన్‌లోనో దూది తడిపి కంటికొస నుంచి బయటివైపు తుడవడం, పిల్లి పంజాతో గోక్కోకుండా మెడకు గరాటులాంటి రక్షణ కాలర్ కట్టడం, ఈ రెండూ ఇంట్లో నిర్భయంగా చేయవచ్చు. మిగతాది డాక్టరు పని.

మందుల షాపులో అడిగి తెచ్చి వేసే చుక్కలు వీటన్నిటికంటే ప్రమాదకరం. చుక్కలు వేశాక ఎరుపు తగ్గింది, పిల్లి కన్ను తెరిచింది అని చెప్పేవారి మాట అబద్ధం కాదు. మనుషుల కంటి చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది వాపునూ ఎరుపునూ అణిచేస్తుంది. కార్నియా మీద గీరుడు పుండు ఉంటే మాత్రం అదే మందు పుండును మాననివ్వదు, దాక్కున్న హెర్పిస్ వైరస్‌ను లేపుతుంది, పుండు లోతుకు దిగి కన్ను చిల్లుపడేదాకా తేగలదు. అందుకే డాక్టరు ముందుగా ఫ్లోరెసీన్ అనే నారింజరంగు ద్రావకం వేసి నీలి వెలుతురులో చూస్తాడు. పైపొర ఊడిన చోట ఆ రంగు అంటుకుని ఆకుపచ్చగా మెరుస్తుంది. పచ్చగా మెరిసిన కంటికి స్టెరాయిడ్ వేయరు. పైపైన గీరుకున్న మామూలు పుండు సాధారణంగా వారం లోపే మానుతుంది. వారం దాటినా మానలేదంటే మందు మార్చడం కంటే మాననివ్వని కారణాన్ని వెతకడం ముఖ్యం. ఆ వెతుకులాటలో రెప్ప కింద, కంటికొసన ఉన్న వెంట్రుక బయటపడవచ్చు, వైరస్ బయటపడవచ్చు, కన్నీరు తగ్గిన పొడి కన్ను బయటపడవచ్చు.

ఏళ్ల తరబడి గీరుడు సాగితే పిల్లులకు ప్రత్యేకమైన ఒక పరిణామం ఎదురవుతుంది. కార్నియాలో కొంత భాగం చచ్చుబడి తేనెరంగు మచ్చగా మొదలై, చిక్కటి గోధుమ, చివరికి బొగ్గు నలుపు పెచ్చుగా మారుతుంది. సీక్వెస్ట్రమ్ అనే ఈ జబ్బు పర్షియన్, హిమాలయన్, ఎగ్జాటిక్ షార్ట్‌హెయిర్, బర్మీస్ పిల్లుల్లో ఎక్కువ. మడతపడ్డ రెప్ప, కంటికొస బొచ్చు, మానని పుండు, హెర్పిస్ దీని వెనక తరచుగా కనిపించే కారణాలు. పెచ్చు ఊడిపోతుందని ఎదురుచూసే కొద్దీ అది లోతుకు పోవచ్చు. నొప్పి ఎక్కువ కాబట్టి చాలా కేసుల్లో మైక్రోస్కోపు కింద దాన్ని కోసి తీసి, లోతైన గుంట మిగిలితే పక్కనున్న కంటిపొరతో కప్పుతారు. కోసి తీశాక కూడా రెప్ప మడత అలాగే ఉంచేస్తే మళ్లీ రావచ్చు. కంటి వైద్యంలో అనుభవమున్న సర్జన్లు అందుకే పెచ్చు తీయడంతో ఆగకుండా రెప్పను కూడా సరిచేయాలంటారు. వెంట్రుక పేరుతో మొదలైన కథ ఇక్కడ కూడా రెప్ప దగ్గరికే చేరుతుంది.

శస్త్రచికిత్స ఉంది కదా, ముఖం గురించి ఇంత గొడవెందుకు అనేవారూ ఉన్నారు. హాట్జ్-సెల్సస్ పద్ధతితో పాటు రెప్ప కొసన చిన్న త్రికోణం తీసేసి బిగించడం పిల్లుల్లో మంచి ఫలితాన్నిస్తోంది. కుక్కలూ పిల్లులూ కలిపి 311 కళ్లకు ఇలా చేసిన ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి కూడా. పుట్టుకతో రెప్ప లేని పిల్లికి కింది రెప్ప నుంచో పెదవి కొస నుంచో చర్మం తెచ్చి కొత్త రెప్ప తయారుచేస్తారు. జబ్బుపడిన పిల్లికి ఈ వైద్యం వరమే. కానీ జబ్బు వచ్చేలా కోరి పుట్టించి, తరవాత వైద్యం ఉందని సమాధానం చెప్పుకోవడం న్యాయం కాదు. చప్పిడి ముఖం పిల్లికి ఇరుకు ముక్కురంధ్రాల వల్ల మత్తు ఇవ్వడంలో కూడా అదనపు జాగ్రత్తలు కావాలి. రెప్ప తిప్పగలరు గాని కంటిగూడు లోతు పెంచలేరు, కన్నీటి గొట్టాన్ని తిన్నగా చేయలేరు. పైగా సరిచేసిన రెప్పతో ఆ పిల్లి పిల్లలు పెడితే, పిల్లలకు దక్కేది తల్లి పుట్టినప్పటి ముఖమే. అందుకే రెప్ప సరిచేయించిన పిల్లికి కుటుంబనియంత్రణ ఆపరేషన్ కూడా చేయించడం మంచిదని వైద్యులు సలహా ఇస్తారు.

మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాలకు 2017లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పెంపుడు జంతువుల షాపులకు 2018లో నిబంధనలు వచ్చాయి. పిల్లి ముఖం ఎంత చదునుగా ఉండవచ్చో చెప్పే నిబంధన వీటిలో లేదు. అలాంటిది వచ్చేవరకు ఆ ముఖాన్ని నిర్ణయించేది కొనేవాళ్లే. పర్షియన్ పిల్లి కావాలనుకుంటే ముక్కు బయటికి కనిపించే డాల్ ఫేస్ పిల్లినే అడగండి. పక్కనుంచి చూసినప్పుడు ముక్కు పై అంచు కింది రెప్ప కంటే కిందే ఉండాలి, కంటికొస పొడిగా ఉండాలి, నిద్రలో రెప్పలు పూర్తిగా కలవాలి. పిల్లనే కాక తల్లినీ చూపించమనండి. ఇప్పటికే పంచ్ ఫేస్ పిల్లి ఇంట్లో ఉంటే దాన్ని ప్రేమగా చూసుకోండి, దానితో పిల్లలు పెట్టించకండి. ఏ పిల్లికైనా ఒక కన్ను ముడుచుకున్నా, కంటికొసన లోపల దాగి ఉండే పలచని మూడో రెప్ప పైకి వచ్చినా, కంట్లో పువ్వో నల్లమచ్చో కనిపించినా ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు అందుబాటులో ఉన్నాయి. అక్కడికి వెళ్లాక వెంట్రుక తీసేయమని అడగవద్దు. అది కంటిని ఎందుకు తాకుతోందో చెప్పమని అడగండి.